జేబులో చెయ్యి

ఒకే ఒక్క బొమ్మ పంపింది మోరాగ్ లిండోర్స్.
చేపలకొట్టు సైన్‌బోర్డుని ఫోన్లో ఫొటో తీసి,
మూలన తన బొటనవేలి నీడతో సహా.
కొత్త కొట్టు అద్దంలో టీవీ పెడుతోందట,
అందులోంచి వాళ్ళ నాన్న
వచ్చేపోయేవాళ్ళకి చెయ్యి ఊపాలట.
శుక్రవారానికల్లా.

బొమ్మలో ఆయన రెండు చేతులూ
ఏప్రాన్ జేబులోనే ఉన్నాయి.

డండీలో నవంబరు. మూడున్నరకే లైట్లేస్తాం.
కిటికీ కింద టే నది, దాని మీద రైలు
ఎవరో జిప్పు లాగినట్టు పోతుంది.
కత్తిరించడం మొదలుపెట్టాను.
టోపీ ఒక పొర. కనుబొమలు చెరో పొర.
మీసం ఒక పొర; మీసం తీస్తే
కింద నోరు లేదు.
గీసినాయనకి అవసరం పడలేదు మరి.
మీసం కింద నోరూ, టోపీ కింద నుదురూ,
చంక కింద చొక్కా మడతా
అన్నీ నేనే కల్పించి పూస్తున్నాను,
పక్క రంగు ముంచి, మళ్ళీ పక్క రంగు ముంచి.
కదలని మనిషికి వెనకాల ఏమీ ఉండక్కర్లేదు.
కదిలాడా,
దాచినచోటల్లా తెల్లగా బయటపడుతుంది.

కీలెరిగి వాత పెట్టమన్నారు.
నా ఉద్యోగంలో సగం అదే.
మోచేతి చుక్క రవ్వంత పైకి పడితే
అది చెయ్యిలా కాదు, తడిసిన మేజోడులా వంగుతుంది.
భుజం నుంచి మోచేతికో ఎముక,
మోచేతి నుంచి మణికట్టుకో ఎముక,
వాటి మీద సన్నటి మెష్ పరుస్తాను.
మెష్ అంటే వలే కదా,
చేపలాయన్నే వలలో వేశానన్నమాట.
ఐన్స్‌లీకి చెబితే నవ్వలేదు,
టీ పెట్టుకోడానికి వెళ్ళాడు.

మణికట్టు దాకా వచ్చి ఆగాను.
అక్కణ్ణుంచి జేబు.

ఫోన్ చేశాను. మీ నాన్నగారి చేతులెలా ఉండేవండీ?
పెద్దవా? వేళ్ళు పొట్టా, పొడుగా?
అవతల మంచుగడ్డలు పారతో ఎత్తిపోస్తున్న చప్పుడు
ఆగింది.
"రెండు వించ్‌లో పోయాయి. కుడిచేతివి.
చిటికెనవేలు, దాని పక్కది.
బోర్డు రాసినాయనకి నాన్నే చెప్పాడు,
జేబులో పెట్టెయ్ అని."
చప్పుడు మళ్ళీ మొదలైంది.

కార్టూన్ చేతికి ఎటూ నాలుగే వేళ్ళు,
ఐదు గీస్తే అరటి అత్తంలా కిక్కిరుస్తుంది.
ఇంకొకటి చెరిపితే ఎవరు లెక్కపెడతారు,
చెరపకపోతే మాత్రం ఎవరు లెక్కపెడతారు
అనుకుంటూనే చెరిపాను.
ఊపి చూశాను. బస్సు ఆపేవాడిలా ఊపాడు.
తగ్గించాను. ఈగలు తోలాడు.
పెంచాను.

గురువారం సాయంత్రం తనే వచ్చింది, రబ్బరు బూట్లతో.
మెట్ల నిండా హాడక్ వాసన.
తెర ముందు నిలబడి మూడుసార్లు చూసింది.
ఏడుస్తుందేమోనని టిష్యూల డబ్బా అటు జరిపాను.
"అది కాదు, రెండో చెయ్యి," అంది.

బొమ్మ కుడి నాకు ఎడమ.
మొదటిరోజు నేర్పే పాఠం,
పదేళ్ళయినా తప్పుతూనే ఉంటాను.
ఆ చేత్తో ఊపేవారా అసలు, అని అడిగాను.
"బయట కాదు," అంది. "రేవు నుంచి ఇంటికొస్తూ, మాకు."

రాత్రంతా కూర్చుని ఎముకలు ఊడదీసి
అటు బిగించాను. వల మళ్ళీ పరిచాను.
ఎడమ చెయ్యి తిరిగి జేబులోకి పోయింది.
దాని పొర ఆర్పేస్తే చాలు,
లోపల ఏమీ లేకపోయినా పని నడుస్తుంది,
ఈ జన్మకది బయటికి రాదు.

అయినా గీశాను, ఐదు వేళ్ళూ.
గోళ్ళు కూడా పెట్టాను.
జేబు పొర కింద
ఏదో చిల్లర పట్టుకున్నట్టు
కొంచెం ముడిచాను.