రెండు పెట్టెలు, ఒకే తాడు

ఎవారిస్తో ఒరెయానా
నలభై ఒక్క ఏళ్లు వాల్పరైసో కొండ మీదికి
జనాన్ని ఎక్కించాడు, దించాడు.
ఒక పెట్టె పైకి పోతే ఒకటి కిందికి రావాలి.
రెండింటికీ ఒకటే తాడు.
నడిమధ్యన, రెప్పపాటు సేపు,
ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి.
"నా ఉద్యోగమంతా అక్కడే" అన్నాడు,
నేను అతని ఛాతీ మీద జిగురు రాస్తుంటే.
"మిగతాది బరువే చూసుకుంటుంది."

ఈ రాత్రి అతను నా పేషెంటు.
ఒంటినిండా తీగలు, వేలికి ఎర్ర దీపం,
ముక్కు కింద సన్నటి గొట్టం.
భార్య ఎదెల్మిరా అల్లిన ఊలు మేజోళ్లు మాత్రం
విప్పనన్నాడు. సరేనన్నాను.

పదకొండున్నరకు నిద్రపోయాడు.
అద్దానికి ఇవతల నేను, చల్లారిన టీ, తెర.

చదవడం వస్తే గుండె గీతలో చాలా ఉంటుంది.
ఊపిరి లోపలికి పోతున్నప్పుడు రెండడుగులు తొందరపడుతుంది,
బయటికొస్తున్నప్పుడు నిదానిస్తుంది.
కొత్తగా చేరినప్పుడు దాన్ని లోపమనుకున్నాను.
కాదు.
గడియారంలా ఒక్క తీరున కొట్టుకునే గుండెను చూస్తేనే
మాకు భయం.
కాస్త తడబాటు ఉండాలి.
తాడు బిగుసుకుపోలేదనడానికి అదే గుర్తు.

మెదడు అడుగు నుంచి మెడ గుండా దిగివచ్చే
పొడవాటి నరం ఒకటి ఉంది.
పిలవకుండానే రాత్రి డ్యూటీకి వచ్చి
గుండె భుజం మీద చెయ్యి వేసి
నెమ్మది, నెమ్మది అంటుంది.
వెన్ను పొడుగునా ఇంకొకడు, కాపలావాడు.
వీధి చివర కుక్క మొరిగినా
కర్ర పట్టుకు లేస్తాడు.
పన్నెండున్నరకు గాఢనిద్ర.
కాపలావాడు కర్ర గోడకు ఆనించాడు.
నిమిషానికి యాభై రెండు.
నాకూ ఆవలింత వచ్చింది.

అప్పుడు ఊపిరి ఆగింది.

పొట్ట కదులుతోంది, గాలి లేదు.
పది సెకన్లు. ఇరవై.
గుండె మెట్టు మెట్టుగా దిగుతోంది,
నలభై నాలుగు, ముప్పై తొమ్మిది,
ఒక్క గురక, మునిగినవాడు తేలినట్టు,
నూట ఎనిమిది!
కాపలావాడు ఇల్లంతా దీపాలు వేసేశాడు.
ఎవారిస్తోకి ఏమీ తెలియదు.
పక్కకు తిరిగాడు. మళ్లీ మొదలు.

నేను లేపకూడదు. లెక్కపెట్టాలి.
లెక్కపెట్టాను.

నాలుగు దాటాక కలల నిద్ర.
రెప్పల కింద కళ్లు అటూ ఇటూ.
ఆ వేళ ఒంటికి తాళం వేసి ఉంటుంది,
అయినా కుడిచేతి వేళ్లు సన్నగా వణికాయి
ఏదో పిడి చుట్టూ.
రేవులో ఓడ కూసింది.
అతను వినలేదు. గుండె విన్నది,
ఆ కూత దగ్గర గీత ఎగిరిపడింది.
మూడేళ్లయింది ఆ పెట్టెలు ఆగిపోయి.
గేటుకు గొలుసు, పట్టాల మధ్య గడ్డి.
లోపల మాత్రం నడుస్తూనే ఉన్నాయి,
ప్రయాణికులు లేకుండా.

ఆరున్నరకు లేపాను.
జిగురు తుడుస్తుంటే అడిగాడు,
"మధ్యలో ఎక్కడైనా ఆగానా?"
డాక్టరు చెబుతారు అనాలి నేను.
"నూట పద్నాలుగు సార్లు" అనేశాను.
చాలాసేపు మేజోళ్ల వైపు చూశాడు.
"నలభై ఒక్క ఏళ్లలో నా బండి రెండుసార్లే ఆగింది.
ఒకసారి భూకంపం.
ఒకసారి పెళ్లికూతురి ముసుగు తలుపులో ఇరుక్కుంది."
షర్టు గుండీలు పెట్టుకుంటూ, తలెత్తకుండా,
"నూట పద్నాలుగు సార్లూ మళ్లీ కదిలానుగా."

అతను వెళ్లాక మెట్లదారిన దిగాను,
మెడ పక్కన రెండు వేళ్లు పెట్టుకుని.
పదకొండేళ్ల రాత్రి డ్యూటీ నాది.
ఎవరి గుండె ఎప్పుడు పడుకుంటుందో చెప్పగలను,
నాది తప్ప.
రొట్టెల బండి పొగమంచులోంచి ఎక్కి వస్తోంది.
నా కాపలావాడు ఇంకా కర్ర దించలేదు.
ఇంటికెళ్లి, కర్టెన్లు మూసి,
వాడికి నచ్చజెప్పాలి.