నేను కత్తిరించిన వాన

రెండు నిమిషాల నలభై సెకన్లు,
నేను కట్టిన కాలేజీ నిడివి అంతే.
అందులో ఎప్పుడూ ఎండే.

వాల్దివియాలో శీతాకాలపు ఎండంటే
అప్పిచ్చినవాడు మన వీధి మరిచిపోవడం లాంటిది,
నమ్ముకుని కూర్చోకూడదు.
నేను కూర్చున్నాను, పదకొండు రోజులు,
కెమెరాకి గొడుగు పట్టి, నేను తడుస్తూ.
పన్నెండో రోజు మధ్యాహ్నం మబ్బు కాస్త చిరిగింది.
నడవండి, నవ్వండి, పుస్తకాలు గుండెకి హత్తుకోండి అని అరిచాను.
వృక్షశాస్త్రం చదివే యస్నా నాలుగుసార్లు నవ్వింది.
మూడోది నిజం నవ్వు.
దాన్ని వాడలేదు,
వెనకాల చెత్తబండి వచ్చింది.

చెత్తబండితో పాటు
ఊరంతా కమ్మే కట్టెపొయ్యిల పొగా పోయింది,
హాస్టల్ గోడ మీద దేశపటంలా పెరిగిన బూజూ పోయింది.
నది వైపు చెట్ల కింద ఏదో వెలితిగా ఉందని
లైబ్రరీ వెనక పెరటిలోంచి ఇద్దరు తోటమాలులు
ఒక బెంచీ మోసుకొచ్చారు. గంట తర్వాత మోసుకెళ్ళారు.
ఆపైన డ్రోను ఎగరేశాను.
అంత ఎత్తునుంచి చూస్తే
ఏ ఊరైనా బొమ్మల కొలువే.

కొత్తవాళ్ళకి తలుపులు తెరిచే శనివారం
తెల్లారుజాము నుంచీ వాన.
కాల్బుకో నుంచి రెండు బస్సులు మారి వచ్చారు
నోల్ఫా, ఆమె కొడుకు ఎలియేసెర్.
ఆల్చిప్పలు ఒలిచే ఫ్యాక్టరీలో ఆమె పని,
చెయ్యి కలిపితే నా వేళ్ళకీ సముద్రం అంటింది.
కుర్రాడు ఫోను ఎత్తి పట్టుకుని నడుస్తున్నాడు,
పెళ్ళిచూపులకి ఫోటో వెంట తెచ్చుకుని
ముక్కూ కళ్ళూ సరిచూసుకునేవాడిలా.

"ఈ బెంచీ ఏదండీ?"

రంగు వేయడానికి పంపాం అనే మాట
నాలుక కొస దాకా వచ్చింది.
వాడు నా జవాబు కోసం ఆగలేదు.
"ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర ఆపి చూశాను.
చెట్లన్నీ దక్షిణానికి ఒరిగి ఉన్నాయి.
అంటే ఏళ్ళ తరబడి ఉత్తరపు గాలి కొడుతోంది.
ఉత్తరపు గాలంటే వాన.
మరి మీ వీడియోలో ఒక్క చినుకూ లేదేం?"

తాత పడవలు చేస్తాడట.
గాలి చదవడం అక్షరాలకన్నా ముందు నేర్పాడట.

ఇంకేం దాచను?
లైబ్రరీ వెనక్కి తీసుకెళ్ళాను.
బెంచీ అక్కడే ఉంది, నానుతూ,
ఒక కాలికి ఇటుక ఆసరా.
నోల్ఫా అరచేత్తో నీళ్ళు తోసేసి,
సంచిలోంచి మా కాలేజీ పుస్తకం తీసింది.
నిగనిగలాడే కాగితం, అట్ట నిండా నా ఎండ.
దాన్ని పరుచుకుని కూర్చుంది.
బాగానే ఆపింది తడిని, ఒప్పుకోవాలి.
గుడ్డ మూట విప్పి మిల్కావోలు పంచింది,
బంగాళాదుంప రొట్టెలు, ఇంకా గోరువెచ్చగా.
నాకూ ఒకటి.

అప్పుడే యస్నా అటుగా పోయింది,
మట్టి ట్రేలు మోసుకుంటూ, తుమ్ముకుంటూ.
"ఆ అమ్మాయేనా?"
"ఆ అమ్మాయే."
ఎలియేసెర్ తలూపాడు,
ఏదో కొలత సరిపోయినట్టు.
ఫోను జేబులో పెట్టుకున్నాడు.
ఆ తర్వాత వాళ్ళమ్మ అడిగింది,
లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా తీసి ఉంటుందని,
లోపల పొయ్యి వేస్తారా అని.
ఆ రెండూ నా వీడియోలో లేవు.
పదకొండింటిదాకా, వేస్తారు, అన్నాను.

చేరాడో లేదో తెలియదు.
చేరినవాళ్ళ జాబితా నాలాంటివాళ్ళకి చూపించరు.

ఈ ఏడు మళ్ళీ కొత్తది తీయమన్నారు.
మూడు రోజులుగా నది ఒడ్డునే ఉన్నాను.
గొడుగు నా నెత్తినే పట్టుకున్నాను ఈసారి,
కెమెరా తడుస్తోంది, దానికి తొడుగు ఉంది.
పొద్దున ఆఫీసునుంచి ఫోను,
ఎండ వచ్చిందా అని.

చెట్లు దక్షిణానికి ఒరిగి ఉన్నాయి, అన్నాను.