గోనెగుడ్డ అట్ట పుస్తకం

మా నానమ్మ పేరు రహ్మా.
నెల్లిమర్ల మిల్లు లైన్లలో ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు.
రామతీర్థం కూతవేటు దూరంలో ఉండగా
రహ్మా రామమ్మ కావడానికి ఎంతసేపు?

శుక్రవారం పొద్దు వాలితే
గాజుగ్లాసులో నీళ్లు, నీళ్లమీద నువ్వుల నూనె,
నూనెమీద తేలే వత్తి.
ఎదురింటి ఎర్నమ్మ పిల్లలూ మేమూ
చాపమీద ఒకర్నొకరం తోసుకుంటూ.
కలకత్తా నుంచి తెచ్చిన పుస్తకం
నానమ్మ వెనకనుంచి తెరిచేది.
వేలు కుడినుంచి ఎడమకి నడిచేది.
కథ మాత్రం సరాసరి మా యాసలో వచ్చేది:
"ఒలే గుంటా, ఇనుకో.
బాగ్దాదులో ఒక పండితుడున్నాడు..."

ఆ బాగ్దాదులో చంపావతి పారేది.
రాజుగారి వంటింట్లో చోడంబలి కాగేది.
ఆ పండితుడు శుక్రవారం దీపానికి ముందు
గోగునార కాటా ఎక్కేవాడు,
శనివారం చుక్కలు పొడిచాక మళ్లీ ఎక్కేవాడు.
"సూసినారా, అరశేరు తగ్గినాను.
అదంతా దిగులే!"

మాకు ఇష్టమైంది ఏలియాహు కథ.
ప్రవక్త. చావు లేనివాడు.
ఏ వేషంలో ఎవరి గుమ్మంలోకి వస్తాడో తెలీదు.
తుపాను రాత్రి, నెత్తిన గోనె కప్పుకొని వచ్చి
తల్లినీ పురిటిపిల్లనీ ఏరు దాటించాడు.
"రూపాయిస్తే నవ్వీసి ఎలిపోనాడు.
ఎనక్కి సూస్తే అడుగుజాడ లేదు."
ఆ మాట దగ్గర ఎర్నమ్మ ప్రతిసారీ దణ్ణం పెట్టేది.

నానమ్మ పోయిన పదకొండో ఏడు
కలకత్తా నుంచి ఎజ్రా మామయ్య వచ్చాడు.
మా ఎరికలో ఆ లిపి చదవగలిగిన ఆఖరి మనిషి.
కళ్లద్దాలు తుడుచుకుని ఒక పేజీ, ఇంకో పేజీ.
"కథలేవీ? ఇవి మీ తాత పద్దులు.
నార బేళ్లు, మణుగులు, కిరసనాయిలు ఆరణాలు."

అన్నం సగంలో లేచిపోయాను.
ఇన్ని శుక్రవారాలూ
కిరసనాయిలు లెక్కకా కళ్లు చెమర్చింది?

సాయంత్రం ఆయనే పిలిచాడు.
ఒక వరస కింద వేలుంచి,
అరబ్బీ మాటని తెలుగులోకి మెల్లిగా తోసుకుంటూ:
"వరద. రహ్మానీ పాపనీ ఏరు దాటించినందుకు
కళాసీ సన్నాసికి
ఒక రూపాయి.
తీసుకోలేదు."

ఆ పాప మా అత్త.
డెబ్బయ్యేళ్లొచ్చినా చంపావతిని చూస్తే భయం.

తీసుకోలేదు అన్నచోట
తాత సిరా రెండుసార్లు దిద్దాడు.
ఆ రూపాయిని పేజీ నుంచి పేజీకి మోశాడు,
బాకీ కిందే, పుస్తకం అయిపోయేదాకా.

మొన్న శుక్రవారం పక్కింటి పిల్ల అడిగింది,
సన్నాసి ఏమైపోయాడని.
వెనకనుంచి తెరిచాను.
నాకు ఒక్క అక్షరం రాదు.
వేలు కుడివైపు ఆనించి
"ఒలే గుంటా" అన్నాను.