నిన్నటి లెక్క

పగలు పొయ్యి రాజేయకూడదు.
పొగ లేచిందా, అవతలి గట్టు మీంచి
ఆస్ట్రియా ఫిరంగి పలకరిస్తుంది.
అందుకని చీకటి పడ్డాకే
ఇసోంజో వంతెన కింద
ఆరు గుండిగలు ఎక్కించేవాణ్ణి.
బియ్యం, పందికొవ్వు, ఉప్పు.
అదృష్టం బాగున్న రోజు పదిమందికొక ఉల్లిపాయ.

మెతుకు నలిపి చూసి
ఇంకా పలుకుండగానే దించేయాలి,
మిగతా ఉడుకు దారిలో ఉడుకుతుంది.
కంచరగాడిదల వీపుల మీద
ఎండుగడ్డి కుక్కిన చెక్కపెట్టెల్లో
నాలుగు గంటల ఎక్కుడు.

పైకి చేరేసరికి అది అన్నంలా ఉండేది కాదు.
పెట్టె బోర్లిస్తే
పెట్టె ఆకారంలోనే నిలబడేది.
పారతో కోసి పంచేవాళ్ళం.
బెల్లూనో నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒరెస్తె
ప్రతి రాత్రీ దాన్ని వేలితో టకటక తట్టి
"సున్నం బాగా కలిసింది, కట్టేయండి గోడ" అనేవాడు.
నవ్వొచ్చినా రాకపోయినా నవ్వేవాళ్ళు,
మళ్ళీ అడుగు మాడు కోసం కొట్టుకునేవాళ్ళు.

ఎంతమందికి వండాలో
ఒక చీటీ చెప్పేది.
పొద్దున్నే కొండ మీద రాస్తే
మునిమాపుకి నా చేతికొచ్చేది.
నా వంట వాళ్ళ నోటికి అందేది నడిరేయి దాటాక.
లెక్క చూసుకుంటే
నేనెప్పుడూ నిన్నటి మనుషులకే వండాను.

ఆగస్టులో ఒక రాత్రి
గాడిదల కుర్రాడు నెవియోకి జ్వరం.
పెట్టెలతో నేనే ఎక్కాను.
చీటీలో రెండువందల పన్నెండు.
డబ్బాలు పట్టుకుని వచ్చినవాళ్ళు
అరవై ముగ్గురు.

వెనకాల ఇంకా వస్తున్నారేమోనని
పార ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.
కార్పొరల్ జుస్తో అన్నాడు:
"వడ్డించు."
ఎంత?
"ఉన్నదంతా."

తిన్నారు.
మారు వడ్డించుకున్నారు, మూడోసారీ వచ్చారు.
ఆ కొండ మీద కడుపు నిండిన మనుషుల్ని
అప్పుడే మొదటిసారి చూశాను.
ఒక పిల్లాడు, మీసం కూడా మొలవనివాడు,
పక్కకు తిరిగి కక్కుకున్నాడు.
పైన నీళ్ళెక్కడివి,
డబ్బా చొక్కా చేతికి తుడుచుకుని
మళ్ళీ వరసలో నిలబడ్డాడు.
వాడి కళ్ళలోకి నేను చూడలేదు.
అన్నం ముద్దని
ఆ రాత్రి ఎవరూ తట్టలేదు.

దిగేటప్పుడు జుస్తో చీటీ ఇచ్చాడు.
దీపం ముట్టించే వీల్లేదు, వేలితో తడిమితే ఏం తెలుస్తుంది?
కింద నిప్పుల వెలుగులో విప్పి చూశాను.
రెండువందల పన్నెండు.
పెన్సిల్ నొక్కి రాసి ఉంది, కాగితం చిరిగేంత.

నేను కిమ్మనలేదు.
గుమాస్తాకి చూపించి, బియ్యం తూయించుకొచ్చాను.
మూడు రోజులు
పోయినవాళ్ళ వాటా ఉన్నవాళ్ళకి పెట్టాను.
దొంగతనమంటే అనండి.
రాజుగారి బియ్యం, నా గరిటె.

నాలుగోనాడు కొత్త ఆఫీసరు వచ్చినట్టున్నాడు.
గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా:
అరవై మూడు.

ఆ రాత్రి రెండు గుండిగలు సరిపోయాయి.
మిగతా నాలుగూ
వంతెన బయట బోర్లించి పెట్టాను.
తెల్లవారుజామున వాన మొదలైంది,
ముందు ఒక్కొక్క చినుకే,
ఎవడో వేలితో
తట్టి చూస్తున్నట్టు.