సున్నాల నోటుబుక్కు

పదకొండు రాత్రులుగా ఈ నదిలో
కుక్కబిస్కెట్లు ముంచుతున్నాను.
జాంబెజీ పాయ నడినీట ఇరవై బోనులు,
బోనుకొక గుప్పెడు ఎర.
తెల్లారేసరికి ఎర నాని, ఉబ్బి, అలాగే ఉంటుంది.
నోటుబుక్కులో సున్నా రాస్తాను.
ఊరి కుక్కలు మాత్రం నన్ను బాగా కనిపెట్టాయి.
దోనె ఒడ్డు చేరకముందే వరసగా కూర్చుంటాయి.

నేను వెతికేది ఈ నీటి బిడ్డను కాదు,
సముద్రం అవతలి దేశపు డెక్కల రొయ్యను.
దిగువన ఎవరో చెరువులో పెంచారట,
ఒక వానాకాలం గట్టు నిలవలేదట.
ఈ అటలన్నీ ముడేస్తే దారి తెలుస్తుంది గానీ
పటం మీద చుక్క పెట్టాలంటే
నాకు కాళ్లూ మీసాలూ ఉన్న సాక్ష్యం కావాలి.

లుసాకాలో మా ఆఫీసు గోడమీది పటంలో
ఈ ఊరి దాకా ఎర్రచుక్కలు,
ఇక్కణ్ణుంచి పైకంతా తెల్లకాగితం.
ఆ తెలుపును కాపాడటానికి వచ్చానో
మరక చేయటానికి వచ్చానో
పదకొండో రాత్రికి నాకే అంతుబట్టలేదు.

సిబెసో తన వల పరిచి చూపించింది.
డెబ్బై దాటినా ముడి వేయటానికి కళ్లద్దాలు పెట్టుకోదు.
"చేప పడుతోంది. సగమే వస్తోంది."
తలా తోకా చెక్కుచెదరలేదు,
పొట్ట దగ్గర గుండ్రంగా తొలిచిన గుంట.
మొసలి ఇంత పొదుపుగా తినదు.
నీటికుక్కకు ఇంత ఓపిక లేదు.
"రాసుకో," అంది.
ఫారంలో సగం చేపకు గడి లేదు.
అంచున చిన్న అక్షరాలతో రాశాను: అనుమానం.

ఆమె నవ్వింది.
"పగలు వేళ్ల సందుల్లో నిద్రపోతుంది,
రాత్రి నా వలకే భోజనానికొస్తుంది.
ఇక్కడ విందు నడుస్తుంటే
నీ బిస్కెట్లెవరికి కావాలి?"

పన్నెండో పొద్దున బోనులు లేపాను.
సున్నా. సున్నా. ఒక నత్త. సున్నా.
సున్నా అంటే లేదని కాదు,
నాకు కనబడలేదని.
ఆ రెంటి మధ్యా ఒక నది పట్టేంత చోటుంది.

అప్పుడొచ్చాడు లికాండో, సిబెసో మనవడు.
చేతిలో వంటనూనె డబ్బా,
డబ్బాలోంచి ఒక దారం,
దారం కొసన నడుముకు ముడితో
నీలమూ పచ్చా కలిసిన ఒళ్లు,
రెండు డెక్కలెత్తి నా బొటనవేలిని హెచ్చరిస్తూ.
"దీని పేరు పోలీసు," అన్నాడు.
"ఎప్పుడూ చేతులెత్తి ఆపుతూనే ఉంటుంది."

పుస్తకంలో బొమ్మ తీశాను.
డెక్క వెలుపలి అంచున ఎర్రమచ్చ ఉండాలి.
లేదు.
నిజం చెప్పాలి, ఒక్క నిమిషం గుండె తేలికైంది.
తర్వాత వెల్లకిలా తిప్పాను.
తోక కింద గుత్తులు గుత్తులుగా గుడ్లు,
సజ్జ గింజలంతేసి, వందలు.
ఎర్రమచ్చ మగవాటికే.

"ఎన్నాళ్లుగా ఉంది నీ దగ్గర?"
"ఇది మూడోది.
మొదటి రెండూ దారం తెంచుకుని పోయాయి."
ఎక్కడ పట్టావంటే
చెయ్యి చాచి చూపించాడు,
పైకి,
నా పటంలో తెల్లకాగితం ఉన్న వైపు.

ప్రాణంతో తిరిగి నీళ్లలో వదలకూడదు. అది రూలు.
స్పిరిట్ సీసా మూత బిగిస్తుంటే
వాడు ఏడవలేదు. సీసాకేసి చూశాడంతే,
అందులో పోలీసు చేతులు మెల్లగా దిగిపోతుంటే.
నోటుబుక్కులో మొదటిసారి ఒకటి రాశాను.
కలం ఆ అంకెను మరిచిపోయినట్టుంది, రెండుసార్లు గీకాల్సొచ్చింది.
"ఇప్పుడైనా నా సగం చేపకు గడి దొరికిందా?"
వల మీంచి తలెత్తకుండా అడిగింది సిబెసో.

బోనులు ఎండలో ఆరబెట్టాను,
బూట్ల అడుగులు బ్రష్షుతో తోమాను.
నా వెంట ఏదీ ఊరు మారకూడదు.
మిగిలిన బిస్కెట్లు కుక్కలకు పోశాను.
డబ్బా కడిగి లికాండోకు తిరిగిచ్చాను.

సాయంత్రానికి డబ్బాకు కొత్త దారం.
ఈసారి రెండు పేటలు పేనాడు.