రెండు ఎడమ బూట్లు

మసేరులో, మూడో అంతస్తులో, హీటరు పక్కన
నా ముందొక ఫారం పెట్టారు.
ఉత్తమ ఉపాధ్యాయుడికి ఉండవలసిన అయిదు లక్షణాలు
ప్రాధాన్య క్రమంలో రాయాలట.
అయిదు గళ్లు. ఒక్కో గడి అగ్గిపెట్టెంత.
పక్కనున్నావిడ అప్పుడే ఓర్పు, క్రమశిక్షణ నింపేసి
మూడోదాని కోసం కలం కొరుకుతోంది.

నాకు మాత్రం రబ్బరు బూట్లు గుర్తొస్తున్నాయి.
ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ,
రెండూ ఎడమకాలివే.

మొఖోత్లోంగ్ కొండల్లో గొర్రెలు కాసే మాకు
చీకటి పడ్డాకే బడి.
మందను దొడ్లోకి తోలి, దుప్పట్లు చుట్టుకుని
పొగ వాసనతో వెళ్లేవాళ్లం.
కుక్కలు గుమ్మం బయట ముడుచుకునేవి.
లోపల ఒక కిరసనాయిలు దీపం,
దాని వెనక పులెంగ్ టీచరు.
రాత కోడి గెలికినట్టుండేది.
ఆకలేస్తే కోపం, కోపమొస్తే సుద్దముక్క
లెఫు చెవి పక్కనుంచి రివ్వున పోయేది.
ఇది ఏ గడిలో రాయను?

మొదటి రోజు అంకెలు చెప్పలేదు.
"మీకు లెక్క రాదు గదా,
గొర్రె తప్పిపోతే ఎలా తెలుస్తుంది?" అనడిగింది.
నిజంగా తెలియకే అడిగింది.
జవాబు దాచుకుని అడిగేవాళ్ల కళ్లల్లో
ఒక మెరుపుంటుంది, అది లేదు.
"లేనిది కనిపిస్తుంది టీచర్" అన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత తన నోటుబుక్కు తీసి
నా మాట నా ఎదుటే రాసుకుంది.
అప్పటిదాకా నా నోటి మాట
కుక్కకి తప్ప ఎవరికీ పనికిరాలేదు.

ఆ పైన ఏ రాత్రయినా ఎవడైనా రాకపోతే
పాఠం మధ్యలో ఆగి తలుపు వైపు చూసేది.
"సెఖోబె కనిపిస్తున్నాడర్రా" అనేది.
తెల్లారాక మాలో ఒకడు
వాడి గుడిసె దాకా వెళ్లి రావాల్సిందే.

ఆ చలికాలం ఒక లెక్క అడిగాను.
ఇరవై నెలల కొలువుకి పదిహేను గొర్రెలు,
పన్నెండు నెలలకే మానేస్తే ఎన్ని?
అది నా కొలువే. ఆ సంగతి చెప్పలేదు.
నాలుగు నెలలకి మూడు చొప్పున
వేళ్లు ముడిచి తొమ్మిదన్నాను.
ఎనిమిది, అంది, దీపం వత్తి సర్దుతూ.
అందరూ నవ్వారు. లెఫు మరీ.

రాత్రంతా మంచు కురిసింది.
పొద్దు పొడవకముందే మా త్సోక్వె మొరిగింది.
లోయలోంచి ఒక గోధుమరంగు దుప్పటి
పడుతూ లేస్తూ ఎక్కి వస్తోంది.
ఎవరో పోయారనుకున్నాను.
అంత మంచులో అంత దూరం
చావు కబురు తప్ప ఏదీ నడిచి రాదు.

"తొమ్మిదే" అంది రొప్పుతూ, పలకరింపైనా లేకుండా.
"పడుకుని మళ్లీ వేశాను. నీదే ఒప్పు."
"రాత్రికి బళ్లో చెప్పొచ్చుగా టీచర్?"
"అక్కడా చెబుతాను, నవ్వినవాళ్లుంటారు గదా.
కానీ అప్పటిదాకా పగలంతా
నువ్వు ఎనిమిదనుకుంటూ తిరుగుతావు."

బూట్లు విప్పి నిప్పు దగ్గర పెట్టింది.
అప్పుడు చూశాను ఆ రెండు ఎడమల్ని,
కుడిపాదం మీద కమిలిన చోటుని.
నేనేమీ అడగలేదు. నా టీ సగం తాగింది.

మంచు కరిగాక మా ఆసామి
ఎనిమిది గొర్రెల్ని విడదీసి, ఇవీ నీవి, అన్నాడు.
నా కాళ్లు వణికాయి గానీ కదల్లేదు.
"లేనిది కనిపిస్తోంది" అన్నాను.
తిట్టాడు. కర్ర ఎత్తాడు.
చివరికి ఒక కుంటిదాన్ని నా వైపు నెట్టాడు.

టైమయిపోయిందంటున్నారు.
నాలుగు గళ్లు ఖాళీ. మొదటిదాంట్లో
"పొద్దున్నే వచ్చింది" అని రాశాను.
పక్కనున్నావిడ తొంగి చూసి,
అది లక్షణం కాదండీ, అంది జాలిగా.

కాదేమో.
ఆ బూట్లు ఆరడానికి
మధ్యాహ్నం దాకా పట్టింది.