హాజరు పట్టీ

సాన్ హోసే కోర్టులో ఏసీ చలికి
నార్సీసా తాంగీలా రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

కంపెనీ వకీలు కాగితం ఎత్తి చూపాడు:
"ఇదిగో నీ వేలిముద్ర. ఒప్పుకున్నావు."

ఆ రోజు హెలికాప్టర్
వలలు ఎండేసిన చోటే దిగింది.
తలకో బియ్యం సంచి ఇచ్చి
వచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్నారు.
బియ్యానికి పురుగు పట్టింది.
బియ్యం కోసం వేసిన ముద్ర
చమురు బావి దాకా ఎలా పాకిందో
ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు.

"మన," అంది.
వాళ్ళ కిచ్వాలో ఆ మాటకి 'కాదు' అని అర్థం.
వెనక బెంచీలో కూర్చున్న నాకు, తెలుగు చెవి కదా,
రెండర్థాలూ ఒక్కసారే వినిపించాయి.
దుబాసీ ఒకటే చెప్పాడు.

నాలుగేళ్ళకి తీర్పు ఆమె పక్షానే వచ్చింది.
ముందుగా అడగాలట, దాపరికం లేకుండా,
వాళ్ళ మాటలో, వాళ్ళ తీరికలో.
మంచి తీర్పే. నూట పది పేజీలు.

చమురు జాడ కోసం వరసగా పాతిన పేలుడు మందు
ఎవరూ తవ్వి తీసుకెళ్ళలేదు.
మనవడు కర్రపెండలం దుంపకి గునపం ఎత్తితే
లాక్కుంటుంది.
"చేత్తో తియ్యి, మెల్లగా.
అడిగి తియ్యి."